నంబరు పడని బండి

కొత్త కారు కొన్నాక రిజిస్ట్రేషన్ అయ్యేలోపు ఉండే ఆ కొద్ది రోజుల దశకు తెలుగులో మంచి మాట ఉందా అని మొన్న మన బృందంలో ఒక మిత్రుడు అడిగారు. ‘నమోదు కాని వాహనం’, ‘అనమోదిత వాహనం’ అని రెండు జవాబులు వచ్చాయి. రెండూ నాకు నచ్చలేదు. మొదటిది వింటే తనిఖీల్లో పట్టుబడి స్టేషన్ ఆవరణలో దుమ్ము పట్టిన బండి కళ్ళ ముందు నిలుస్తుంది. రెండోదానికి నోరు తిరగదు. అసలు మాట కొత్తగా కట్టవలసిన అవసరమే లేదు. విశాఖపట్నంలో మా ఇంట్లో, మా వీధిలో అందరూ వాడిన మాట ఒకటుంది: నంబరు పడని బండి.

ఇందులో ప్రాణమంతా ‘పడు’లో ఉంది. తెలుగులో వేయు, పడు జంట క్రియలు. ముద్ర వేస్తారు, ముద్ర పడుతుంది. తాళం వేస్తారు, తాళం పడుతుంది. ఓటు, జీతం, మూడు ముళ్ళు, అన్నీ అంతే. ‘వేయు’ అన్నప్పుడు వేసిన మనిషి కనిపిస్తాడు. ‘పడు’ అనగానే ఆ మనిషి తెర వెనక్కి వెళ్ళిపోతాడు, పని మాత్రం మనకు జరుగుతుంది. బండికి నంబరు వేసేది రవాణా శాఖ కార్యాలయంలో ఒక గుమాస్తా. అయినా ఇంటికి వచ్చి ‘గుమాస్తా నంబరు వేశాడు’ అని ఎవరూ చెప్పరు. నంబరు పడింది అంటారు, వాన పడింది అన్నట్టే. మనం ఎదురుచూడాలి, అది పడాలి.

ఇక ‘పడని’. పడిన, పడుతున్న, పడే అని మనకు కాలానికొక రూపం ఉంది. వ్యతిరేకానికి వచ్చేసరికి మూడింటికీ కలిపి ‘పడని’ ఒక్కటే. ఎండ పడని గది అంటే అక్కడ ఎండ ఎప్పటికీ పడదు. నంబరు పడని బండికి రేపో ఎల్లుండో పడుతుంది. రూపం ఒకటే, ఒకదానిలో శాశ్వతం, ఇంకొకదానిలో నిరీక్షణ. ఏది ఏదో సందర్భమే చెబుతుంది. ‘నమోదు కాని’ అన్నా వ్యాకరణం ఇదే. కానీ ఆ మాట దరఖాస్తుల్లో నలిగి నలిగి అందులోని ఎదురుచూపు ఇంకిపోయింది.

నాకు ఈ మాట మీద ఇంత ప్రేమ ఎందుకో కూడా చెప్పాలి. 1996లో మా నాన్నగారు మారుతి 800 కొన్నారు. అప్పటి చట్టం ప్రకారం తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు నెల రోజులు. దాన్నే అందరం టీఆర్ అంటాం. ఆ నంబరు కాగితం మీద రాసి వెనక అద్దానికి అంటించారు. ముందూ వెనకా ప్లేట్లు మాత్రం ఖాళీ. సొంత కార్లకు అప్పట్లో నల్ల ప్లేటు మీద తెల్ల అక్షరాలు ఉండేవి. ఏమీ రాయని ఆ నల్ల రేకు నాకు అచ్చం అక్షరాభ్యాసానికి తెచ్చిన కొత్త పలకలా కనిపించేది. మా నాన్నగారు కూడా దాన్ని పలక అనే అనేవారు. సంస్కృతం ఫలకమే మన పలక అయిందని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆయన వాడిన మాట సరైనదేనని ఆ రోజు చాలా సంతోషించాను.

బండి రాగానే ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడికి తీసుకువెళ్ళాం. కొత్త బండి కొన్న విశాఖవాసులు ముందుగా ఆగేది అక్కడే. బానెట్ మీద కుంకుమతో స్వస్తిక్, అద్దానికి బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. మరునాడు తెల్లవారుజామున భీమిలి ప్రయాణం. సీట్ల మీద ప్లాస్టిక్ తొడుగులు ఇంకా తీయలేదు, కదిలితే చప్పుడు. రుషికొండ దాటాక సరుగుడు తోటలు, ఒక పక్క సముద్రం, ఆ తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. నాన్నగారు ముల్లు యాభై దాటనివ్వలేదు. “వెయ్యి కిలోమీటర్ల దాకా ఇంజను అలవాటు పడాలి” అన్నారు. చూడండి, అక్కడా పడడమే. గోస్తని సముద్రంలో కలిసే చోట బండి ఆపి, అద్దం మీద పడిన ఉప్పు తేమను తన చేతిరుమాలుతో తుడిచారు. అంతకు ముందు ఆయన అంత నెమ్మదిగా దేన్నీ తుడవడం నేను చూడలేదు.

ఆ పదిహేను రోజులూ వీధిలో ఎవరు ఎదురైనా ఒకటే పలకరింపు: “నంబరు పడిందా?” పసిబిడ్డ ఉన్న ఇంట్లో పేరు పెట్టారా అని అడిగినట్టే అడిగేవారు. పడిన రోజున నేనూ నాన్నగారితో వెళ్ళాను. నంబర్లు రాసే ఆయన ముందు సుద్దముక్కతో రెండు గీతలు గీశారు. తెల్ల రంగులో కుంచె ముంచి, డబ్బా అంచుకు ఒత్తి, ఊపిరి బిగబట్టి ఏ, పీ, 31 అని రాశారు. అంచు దాటిన రంగును గోటికి చుట్టిన కిరసనాయిలు గుడ్డతో చెరిపారు. నంబరు పడడాన్ని కళ్ళారా చూడడం నాకు అదొక్కసారే. ఇంటికి రాగానే అమ్మ అంకెలన్నీ వేళ్ళ కణుపుల మీద కూడింది. “తొమ్మిది కాదు, ఏడు. అయినా మంచిదే” అంది.

ఆ 31 సంగతి విడిగా చెప్పుకోవాలి. విశాఖ జిల్లా అంకె అది. హైదరాబాదు రోడ్ల మీద ముప్పై ఒకటి కనిపిస్తే మన ఊరి వాళ్ళే అని తల తిప్పి చూసేవాళ్ళం. నంబరు పడితే బండికి ఊరు కూడా పడినట్టే. 2019లో జిల్లా అంకెలు పోయి రాష్ట్రమంతటికీ 39 వచ్చింది. పాలనకు సౌకర్యం కావచ్చు, నాకు మాత్రం ఇప్పటికీ వెలితిగానే ఉంది.

అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు తేలిగ్గా మార్చడానికి వీల్లేని హై సెక్యూరిటీ నంబరు ప్లేట్లు తప్పనిసరి అయ్యాయి. చట్ట సవరణ కూడా ఆ ఏడాదే వచ్చింది. రాష్ట్రంలోనే రిజిస్టర్ అయ్యే కొత్త బండికి దరఖాస్తు డీలరే చేయాలి, నంబరు ప్లేటు లేకుండా బండి యజమాని చేతికి ఇవ్వకూడదు. దొంగ బండ్లు, ప్రమాదాలు తలచుకుంటే ఇది అవసరమే, కాదనను. కానీ ఖాళీ పలకతో భీమిలి వెళ్ళే ఆ నాలుగు రోజులు ఇక ఉండవు. ఆ రోజులు లేకపోతే ఈ మాట ఎక్కడ బతుకుతుంది?

నిరుడు మా మేనల్లుడు కారు కొన్నాడు. సంపత్ వినాయకుడి గుడి దగ్గర అమ్మ దండ వేయించి, “నంబరు పడిందా నాన్నా?” అని అడిగింది. “నంబరుతోనే వచ్చింది అమ్మమ్మా” అన్నాడు వాడు. పడింది కాదు, వచ్చింది. అమ్మ వంగి ప్లేటు చూసి, వేళ్ళ కణుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

శ్రీకాకుళం, రాయలసీమ, తెలంగాణ మిత్రులారా, మీ ఇళ్ళలో ఆ రోజుల్లో ఏమనేవారు?