రెండు సెకన్లు దాటితే భారీ నక్షత్రం చావేనా?

మృగశిర:
గామా విస్ఫోటాల (అంతరిక్షంలో కాసేపు మెరిసే గామా కిరణాల వెల్లువల) గురించి మా అబ్బాయి నోట్సులో ఇలా ఉంది: "గామా విస్ఫోటం రెండు సెకన్లు దాటితే భారీ నక్షత్రం మరణం; దాటకపోతే న్యూట్రాన్ నక్షత్రాల ఢీ." ఇది తప్పు. 2021 డిసెంబరు 11 నాటి విస్ఫోటం దాదాపు 50 సెకన్లు సాగింది. తీరా వెతికితే సూపర్నోవా, అంటే భారీ నక్షత్రం చస్తూ పేలే వెలుగు, లేదు. న్యూట్రాన్ నక్షత్రాలు (చచ్చిన నక్షత్రాల కుదించుకుపోయిన గర్భాలు) ఢీకొన్నప్పుడు వెలిగే కిలోనోవా కనిపించింది.

రేవతి:
ఒక్కదాన్ని పట్టుకుని మొత్తం కొట్టేస్తారా? 2003 మార్చి 29 నాటి విస్ఫోటంలో పది రోజులు తిరగకముందే సూపర్నోవా వర్ణపటం బయటపడింది. ఖగోళ భౌతిక శాస్త్రవేత్త స్టాన్ వూస్లీ 1993లోనే దారి చూపారు. భారీ నక్షత్రం గర్భం కూలి కృష్ణబిలమవుతుంది, చుట్టూ సుడి తిరిగే పదార్థం నుంచి రెండు వైపులా సన్నని, అతివేగపు ధారలు (జెట్లు) పుట్టి నక్షత్రాన్ని తొలుచుకుని వస్తాయి. హైడ్రోజన్ పొర ముందే ఊడిపోయి ఉండాలి. ఉబ్బిన నక్షత్రమైతే జెట్ దారిలోనే చల్లారిపోతుంది.

మృగశిర:
జెట్ సంగతి అడగలేదు. సెకన్ల సంగతి అడిగాను.

రేవతి:
జవాబు అందులోనే ఉంది. సూర్యుడి వ్యాసార్ధమంత దూరం దాటడానికి కాంతికే రెండు సెకన్లకు పైగా పడుతుంది. నక్షత్రాన్ని తొలవాలంటే లోపల జెట్‌ను నడిపే యంత్రం ఎంతసేపు నడవాలి?

మృగశిర:
తొలిచినంతసేపూ మనకేమీ కనబడదు, రేవతి గారూ. బయటపడ్డాక మిగిలిందే కనబడుతుంది. 2020 ఆగస్టు 26న ఒక్క సెకను మెరిసింది, దాని వెనక సూపర్నోవా ఉంది. ఇప్పుడేమంటారు?

హంసపాది:
2015లో శ్రీహరికోట నుంచి వెళ్ళిన మన అంతరిక్ష టెలిస్కోపు ఆస్ట్రోశాట్ గామా విస్ఫోటాలను వందల కొద్దీ పట్టింది. కానీ దూరంగా ఉన్నవాటికి సూపర్నోవా వెతకడమే కష్టం.

మృగశిర:
2006 జూన్ 14 నాటిది వంద సెకన్లు సాగింది, సూపర్నోవా దొరకలేదు. అప్పట్లో కాలేజీలో దాని గురించి అడిగితే మా లెక్చరర్ "పుస్తకంలో ఉన్నది రాయి" అని కూర్చోబెట్టారు. ఆ రోజు ఇంకా మరచిపోలేదు.

రేవతి:
ఆ కోపం నా మీద చూపిస్తే ఎలా? నేనూ టీచర్నే. ఎదురుగా నలభై మంది పిల్లలుంటారు. ముందు ఒక గీత గీయకపోతే వాళ్ళకు ఏదీ నిలవదు.

మృగశిర:
గీయండి. "చాలావరకు" అన్న ఒక్క మాట చేర్చండి.

రేవతి:
చేరిస్తే పరీక్షలో మార్కులు ఎలా వేయమంటారు? అసలు ఇబ్బంది అక్కడుంది.

మృగశిర:
సెకన్లు అడగడం మానేయండి. విస్ఫోటం ఆరిపోయాక ఆ చోట వారాల తరబడి ఏం వెతకాలో అడగండి.