'ద డైయింగ్ ఎర్త్' ఫాంటసీయా, సైన్స్ ఫిక్షనా?

పుస్తకాలపురుగు:
1950లో వచ్చిన జాక్ వాన్స్ కథల సంపుటి రెండోసారి చదివాను. ఆరు కథలు. ఊహకందనంత కాలం తర్వాతి భూమి, నేడో రేపో ఆరిపోయేలా ఉన్న ఎర్ర సూర్యుడు, మిగిలిన కొద్దిమంది మనుషులు, మంత్రగాళ్లు. నేను తెచ్చుకున్న లైబ్రరీలో దీన్ని సైన్స్ ఫిక్షన్ అరలో పెట్టారు. నా లెక్కలో ఇది అచ్చమైన ఫాంటసీ. ఎప్పుడో భవిష్యత్తులో జరిగితే సైన్సు అయిపోతుందా? కాదనేవాళ్లు రండి.

బెంచీమీద ఇంజినీరు:
కాదంటాను. 'ఉలాన్ ధోర్' కథ మళ్లీ చూడండి. ఆంప్రిదత్విర్ అనే పాత నగరంలో ఆకుపచ్చ బట్టలవాళ్లు, బూడిదరంగు బట్టలవాళ్లు ఒకే వీధుల్లో తిరుగుతుంటారు. ఒకరికొకరు కనిపించరు! అదే ఊళ్లో హీరోకి గాల్లో ఎగిరే కారు దొరుకుతుంది. అది యంత్రమండీ, మంత్రం కాదు. అంతెందుకు, మొదటి కథలో పాండెల్యూమ్ అంతటి మహా మాంత్రికుడు కూడా గణితం గురించి మాట్లాడేటప్పుడు మురిసిపోతాడు.

కాకినాడ కాజా:
సైన్సు అనేవాళ్లు ముందు ఆ సూర్యుడి సంగతి తేల్చండి. అసలు సూర్యుడు వయసు పెరిగేకొద్దీ చల్లారడు, ఇంకా మండుతాడు. సుమారు వంద కోట్ల ఏళ్లకే మన సముద్రాలు మిగలవని అంచనా. రెడ్ జెయంట్‌గా, అంటే ఎర్రటి మహా నక్షత్రంగా ఉబ్బేది ఇంకో 500 కోట్ల ఏళ్లకు. ఆరిపోయే కుంపటి లాంటి సూర్యుడు 19వ శతాబ్దపు ఊహ. సూర్యుడు ఎలా మండుతున్నాడో భౌతికశాస్త్రవేత్త హాన్స్ బేతే 1939లోనే లెక్కగట్టి చెప్పాడు. వాన్స్‌కి ఆ లెక్క అక్కర్లేదు, ఆ ఎర్రటి సాయంకాలపు వెలుతురు కావాలి. అంతే.

పాచికలరాయుడు:
నేను ఆ పుస్తకానికి ఆట దారిన వచ్చాను. మాంత్రికుడు మజీరియన్ బుర్రలో పెద్ద మంత్రాలైతే నాలుగు, చిన్నవైతే ఆరు పడతాయి. ఒకటి ప్రయోగించగానే అది బుర్రలోంచి చెరిగిపోతుంది, మళ్లీ పుస్తకం తీసి బట్టీపట్టాలి. 1974లో వచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాచికల ఆటకి, దాని సృష్టికర్తల్లో ఒకడైన గ్యారీ గైగాక్స్ ఈ పద్ధతే తీసుకున్నాడు. మన కర్ణుడికి శాపం వల్ల అసలు సమయానికే మంత్రం గుర్తు రాలేదు. ఇక్కడ పని అయ్యాక మరుపు. మంత్రానికి ఇంత లెక్కా పత్రం పెట్టాక దాన్ని మంత్రం అనాలా, ఇంజినీరింగ్ అనాలా? నాకైతే రెండోదే అనిపిస్తుంది.

పుస్తకాలపురుగు:
మీ లెక్కలు సరే. మరి 'లియాన్ ద వేఫేరర్' మాటేమిటి? లిత్ అనే మంత్రగత్తె దగ్గర తన సొంత లోయను బంగారు దారాలతో నేసిన చిత్రపటం సగమే ఉంటుంది. మిగతా సగం తెస్తానని గొప్పలు పోయి లియాన్ వెళ్తాడు, చున్ అనే భయంకర జీవి చేతికి చిక్కుతాడు. ఆ చున్ వేసుకునేది కనుగుడ్లు గుచ్చిన అంగీ. లియాన్ కళ్లు కూడా అందులోకే. ఆ రాత్రి లిత్ గడప దగ్గర చున్ పెట్టిపోయేది రెండు దారాలు, ఆ పటంలోంచి లాగినవి. ఒక్కో మగాణ్ణి పంపి ఒకటి రెండు పోగుల చొప్పున ఆమె తన ఇంటి దారి నేసుకుంటోందన్న మాట. దీన్ని ఏ అరలో పెడతారు?

బెంచీమీద ఇంజినీరు:
ఆ కథ జోలికి రాను బాబూ, చదివిన రాత్రి లైటు ఆర్పలేదు. కానీ ఆంప్రిదత్విర్ కారు సంగతి మీరింకా చెప్పలేదు.