సంగీత సాఫ్ట్‌వేర్‌కు ఎలాంటి లైసెన్సు తాళం న్యాయం: డాంగిలా, ఆన్‌లైన్ యాక్టివేషనా, కీ ఫైలా?

పాతసెషన్:
డబ్బు పెట్టి కొన్న ప్లగిన్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాము) నా కంప్యూటర్‌లో తెరుచుకోవాలో వద్దో ఇంకొకరి సర్వర్ నిర్ణయించడం నాకు మింగుడుపడటం లేదు. నా వాదన ముందే చెప్పేస్తాను, తర్వాత ఎవరి మాట వారిది. ఏ తాళమైనా వేసుకోండి, అభ్యంతరం లేదు. కానీ తాళం వేసిన కంపెనీ మూతపడితే కొన్నవాడి గతి ఏమిటో కొనే ముందే రాతపూర్వకంగా చెప్పాలి. అది చెప్పలేనప్పుడు 'అమ్మాం' అనకూడదు, అద్దెకిచ్చామనాలి.

మిక్సు అప్పగించడంతో మన పని అయిపోదు. పదేళ్ల తర్వాత ఎవరో వచ్చి అదే పాట గాత్రం లేకుండా కావాలంటారు. పాత సెషన్, అంటే ఆ పాట ట్రాకులూ సెట్టింగులూ ఉన్న ప్రాజెక్టు ఫైలు, తెరుస్తాం. అందులో ఒక్కో ప్లగిన్ సెట్టింగులు ఆ ప్లగిన్‌కు మాత్రమే అర్థమయ్యే డేటా ముద్దగా దాగి ఉంటాయి. ప్లగిన్ మొరాయిస్తే ఆ ముద్దను చదివే దిక్కు లేదు. ట్రాకు కనిపిస్తుంది, దాని ధ్వని మాత్రం రాదు.

ఇదంతా ఊహించి చెబుతున్నది కాదు. స్టైన్‌బర్గ్ వారి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ క్యూబేస్‌కు ఏళ్ల తరబడి ఈలైసెన్సర్ అనే యూఎస్‌బీ డాంగిల్, అంటే లైసెన్సు దాచిన చిన్న పరికరం, తప్పనిసరిగా ఉండేది. 2022 మార్చిలో క్యూబేస్ 12తో దాన్ని వదిలేసి, మూడు కంప్యూటర్ల దాకా ఇంటర్నెట్ ద్వారా యాక్టివేట్ చేసుకునే పద్ధతి తెచ్చారు. సంతోషమే. 2025 మేలో ఈలైసెన్సర్ సేవను మూసేశారు. పాత వెర్షన్‌తోనే తృప్తిగా ఉన్నవారి మాటేమిటి? డాంగిల్ బతికినన్నాళ్లు పని నడుస్తుంది. అది విరిగితే అందులోని లైసెన్సును ఇంకో డాంగిల్‌లోకి ఎక్కించడానికి అవతల సర్వర్ లేదు.

రెండుగదులు:
మీరు చెప్పిన ఉదాహరణలో తప్పు డాంగిల్‌ది కాదు, సర్వర్‌ది. మా స్టూడియోలో రెండు గదులు ఉన్నాయి. రికార్డింగ్ కంప్యూటర్లకు ఇంటర్నెట్ తగిలించం. అప్‌డేట్ అంటూ పని మధ్యలో ఏదీ లేచి కూర్చోకూడదు కాబట్టి ఇది మా కట్టడి. లైసెన్సులన్నీ ఐలాక్ అనే డాంగిల్ మీద ఉంటాయి. ఈ గదిలో పీకి ఆ గదిలో పెడితే అక్కడ అన్నీ తెరుచుకుంటాయి. ఐలాక్ మూడో తరం కీలో 1500 లైసెన్సులు పడతాయి. కంప్యూటర్ కాలిపోయినా గంటలో ఇంకో దాని మీద పని మొదలవుతుంది.

యంత్రానికి కట్టేసే యాక్టివేషన్‌లో ఈ సుఖం లేదు. అది మదర్‌బోర్డు, డిస్కు, నెట్‌వర్క్ కార్డు లాంటివాటి గుర్తులు కలిపి ఒక వేలిముద్ర తయారు చేస్తుంది. ఆ లెక్కలోకి వచ్చే భాగం ఒకటి మార్చామా, అది 'కొత్త కంప్యూటర్' అయి కూర్చుంటుంది. ఇక యాక్టివేషన్ల కోటా అయిపోయిందని, దయచేసి ఇంకొకటి ఇవ్వమని మనమే బతిమాలుకుంటూ మెయిలు రాయాలి. కొన్నది మనం, సంజాయిషీ ఇచ్చుకునేదీ మనమే!

వేదికమీద:
స్టూడియో బల్ల మీద డాంగిల్ బాగానే ఉంటుంది. నాలా ల్యాప్‌టాప్‌తో కచేరీలు చేసేవారి బాధ వేరు. ఉన్నవే రెండు పోర్టులు. ఒకటి ఆడియో ఇంటర్‌ఫేస్‌కు, ఒకటి చార్జరుకు. ఇక డాంగిల్ కోసం హబ్, ఆ హబ్ వదులైతే వాయిద్యం మూగబోతుంది. పైగా అంత చిన్న వస్తువులో నా లైసెన్సులన్నీ పెట్టుకుని ఊళ్లు తిరగాలి. పోయినా, దొంగలెత్తుకుపోయినా వెంటనే తాత్కాలిక లైసెన్సులు ఇచ్చే ఏర్పాటు ఉందంటారు, దానికి ఏటా విడిగా రుసుము. వారి తాళానికి నేను బీమా కట్టడం ఏ న్యాయం?

డాంగిల్ అక్కర్లేని ఐలాక్ క్లౌడ్ ఉందిగా అనకండి. దానికి పని చేసినంతసేపూ ఇంటర్నెట్ ఉండాలి. వేదిక మీద ఆ భరోసా ఎవరిస్తారు?

రెండుగదులు గారూ, డాంగిల్‌కు సర్వర్‌తో సంబంధం లేదన్నట్టు రాశారు. 2013 జూన్ గుర్తుందా? ఐలాక్ నడిపే పేస్ కంపెనీ కొత్త లైసెన్స్ మేనేజర్‌కు మారిన వారం అది. ఎంతోమంది చేతిలో డాంగిల్ పట్టుకుని కూడా సాఫ్ట్‌వేర్ తెరవలేక రోజుల తరబడి కూర్చున్నారు.

రెండుగదులు:
గుర్తుంది. ఆ వారం కీని ముట్టుకోనివారు, అప్‌డేట్ చేయనివారు హాయిగా పని చేసుకున్నారన్నదీ గుర్తుంది.

చిన్నకంపెనీ:
అటువైపు నుంచి ఒక గొంతు. ఇద్దరం కలిసి ప్లగిన్లు తయారు చేసి అమ్ముతాం. మొదట్లో మాది కీ ఫైలు పద్ధతి. కొన్నవారి పేరు, మెయిలు ఒక ఫైలులో రాసి, మా దగ్గరున్న రహస్య కీతో డిజిటల్ సంతకం చేసి పంపుతాం. ప్లగిన్‌లో ఉన్న బహిరంగ కీ ఆ సంతకం సరిచూస్తుంది. సర్వర్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. మేము రేపు మూసేసినా ఆ ఫైలు పని చేస్తూనే ఉంటుంది. పాతసెషన్ గారు అడిగేది ఇదే అనుకుంటాను.

దీని లోటు ఏమిటంటే, ఒక్కరు ఆ ఫైలును బయట పెడితే చాలు, లోకమంతటికీ అదే లైసెన్సు. మేము చేయగలిగింది తర్వాతి వెర్షన్‌లో ఆ ఫైలును నిషేధించడం వరకే. చేతిలో ఉన్న వెర్షన్ చాలనుకునేవాడిని అది ఆపదు. చివరికి ఆన్‌లైన్ యాక్టివేషన్‌కు మారాం. ఎన్ని యంత్రాల మీద నడుస్తోందో లెక్క తెలుస్తుంది, బయటపడ్డ సీరియల్ నంబరు కొత్తవారికి పనికి రాకుండా ఆపగలం.

చాలామంది గమనించని సాంకేతిక ఇబ్బంది ఇంకొకటి ఉంది. ప్లగిన్ లోపల ఆడియో లెక్కలు జరిగే చోటికి లైసెన్సు పరీక్షను తీసుకురాకూడదు. ధ్వనిని సెకనుకు 48 వేల శాంపిళ్లుగా (48 కిలోహెర్ట్జ్) తీసుకుని, 64 శాంపిళ్ల చొప్పున ఒక్కో విడత (బఫర్) లెక్కిస్తే, విడతకు మాకు దొరికేది 1.33 మిల్లీసెకన్లు. సెషన్‌లోని ప్లగిన్లన్నీ ఆ వ్యవధిలోనే తమ పని ముగించాలి. అక్కడ లైసెన్సు కోసం డిస్కునో డాంగిల్‌నో తట్టి జవాబు కోసం ఆగితే చిటపటలు వినిపిస్తాయి. పోనీ పరీక్షను తెరిచేటప్పుడు ఒక్కసారే చేద్దామంటే, పగలగొట్టేవాడికి పని సులువవుతుంది. తాళం ఎంత గట్టిదైతే ప్లగిన్ మీద అంత బరువు. ఆ బరువు మోసేది కొన్నవారి కంప్యూటరే, ఒప్పుకుంటాను.

పాతసెషన్:
మీ మాటతోనే అడుగుతాను. క్రాక్, అంటే తాళం పగలగొట్టిన దొంగ కాపీ, వాడేవాడికి ఈ తాళం ఉండదు. యాక్టివేషన్ కోటా ఉండదు, సర్వర్ మూతపడితే దిగులుండదు. ఇబ్బందంతా డబ్బు కట్టినవాడిదే. ఇక తాళం ఎవరిని ఆపుతున్నట్టు?

చిన్నకంపెనీ:
పట్టుబట్టి పగలగొట్టేవాడిని ఆపదు, ఆ భ్రమ మాకు లేదు. ఆగేది ఇంకో రకం మనిషి. స్నేహితుడి సీరియల్ నంబరు చేతికందింది కాబట్టి వాడేసే వ్యక్తి. తనను తాను దొంగ అనుకోడు, అడ్డు తగిలితే కొందరు కొంటారు కూడా. క్రాక్ వెంట వైరస్ కూడా రావచ్చునన్న భయం మాకు కొంత సాయం. మా బతుకు ఆ కొందరి మీదే.

కొత్తకీబోర్డు:
నేను ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ 60 రోజుల ఉచిత గడువు దాటినా ఆగిపోదు, కొనమని గుర్తు చేస్తుందంతే. ఆపిల్ వారి లాజిక్‌కు డాంగిలే లేదు. వీరికి సాధ్యమైంది మిగతావారికి ఎందుకు కాదు?

చిన్నకంపెనీ:
లాజిక్‌ను లెక్కలోకి తేకండి. దాన్ని తయారు చేసిన ఈమ్యాజిక్ కంపెనీ రోజుల్లో దానికీ డాంగిల్ ఉండేది. 2002లో ఆపిల్ ఆ కంపెనీని కొన్నది. 2007లో లాజిక్ 8తో డాంగిల్ తీసేశారు. అది నడిచేదే ఆపిల్ యంత్రాల మీద, అవి అమ్మేదీ ఆపిలే. వారికి కంప్యూటరే డాంగిల్! రీపర్ సంగతి నిజంగా మెచ్చుకోవాలి, కానీ అది వాడేవారి మర్యాద మీద నడుస్తున్న వ్యాపారం. ఒకే రకం ఎకో ప్లగిన్ అమ్మే నాకు ఆ ధైర్యం లేదు.

చట్టంచూపు:
చట్టం వైపు నుంచి రెండు ముక్కలు. అమెరికాలో కాపీ రక్షణను దాటడం చట్టవిరుద్ధం. అయితే దానికి మినహాయింపులు ప్రకటిస్తుంటారు. 2003లో ఇచ్చిన మినహాయింపుల్లో డాంగిళ్లది ఒకటి. డాంగిల్ చెడిపోయి, దానికి బదులు దొరకక, బాగు చేయించే దారీ లేకపోతే ఆ రక్షణను దాటి సాఫ్ట్‌వేర్ వాడుకోవచ్చునన్నారు. 2006లోనూ 2010లోనూ కొనసాగింది, 2012 జాబితాలో లేదు. అంటే పాతసెషన్ గారి ఫిర్యాదు న్యాయమైనదేనని ప్రభుత్వమే కొన్నాళ్లు ఒప్పుకున్నట్టు.

ఐరోపాలో యూజ్డ్‌సాఫ్ట్, ఒరాకిల్ కంపెనీల కేసులో 2012 జూలైలో తీర్పు వచ్చింది. ధర కట్టి, గడువు లేని లైసెన్సు పుచ్చుకుంటే అది అమ్మకమే, కొన్నవారు దాన్ని తిరిగి అమ్ముకోవచ్చు అన్నారు. ఐరోపా వరకైతే 'అద్దె' అని సులువుగా తప్పించుకోలేరు. కానీ తిరిగి అమ్ముకునే హక్కు ఉందనడం వేరు, కొనుక్కున్నవారి పేరు మీదికి ఆ యాక్టివేషన్ మారడం వేరు. రెండోది మళ్లీ కంపెనీ సర్వర్ చేతిలోనే ఉంది.

పాతసెషన్:
చట్టం వచ్చేదాకా కంపెనీ మాటే వేదం. ఆ మాట ఎంత త్వరగా మారుతుందో 2023 మార్చిలో చూశాం కదా. ప్లగిన్లు అమ్మే వేవ్స్ కంపెనీ ఇక శాశ్వత లైసెన్సులు అమ్మం, అంతా చందాయే అని ప్రకటించింది. వాడుకరులు విరుచుకుపడితే కొన్ని రోజులకే వెనక్కి తగ్గింది. 2017 నవంబరులో గిబ్సన్ సంస్థ తన కేక్‌వాక్ విభాగపు సాఫ్ట్‌వేర్ల (సోనార్ వాటిలో ఒకటి) అభివృద్ధి ఆపేస్తున్నామన్నది. 2018 ఫిబ్రవరిలో బ్యాండ్‌ల్యాబ్ కొనేదాకా సోనార్ వాడేవారు దిక్కులు చూశారు. కొనేవాడు దొరికాడు కాబట్టి గండం గడిచింది. ప్రతిసారీ దొరుకుతాడా? అందుకే రాతపూర్వకంగా కావాలంటున్నాను: మూసేసే ముందు తాళం తీసేసిన ఆఖరి వెర్షన్ ఇస్తామని.

చిన్నకంపెనీ:
ఇస్తామని రాయగలను. దాని విలువ ఎంతకాలమో మీరే చెప్పండి. 2019లో మ్యాక్ఓఎస్ కాటలీనా వచ్చి పాతకాలపు 32 బిట్ ప్రోగ్రాములన్నిటినీ ఒక్క వేటుతో ఆపేసింది. తాళం ఉన్నవీ లేనివీ కలిసే పోయాయి. 2018 నుంచి స్టైన్‌బర్గ్ తన పాత ప్లగిన్ ప్రమాణం వీఎస్టీ 2 లైసెన్సును కొత్త తయారీదారులకు ఇవ్వడం మానేసింది, ఆ రకం ప్లగిన్లను వదిలేసే సాఫ్ట్‌వేర్లు పెరుగుతున్నాయి. మీ పాత సెషన్‌ను చంపేది తాళమేనని ఎందుకనుకుంటున్నారు?

రెండుగదులు:
నేను అందుకే ప్లగిన్లను నమ్ముకోను. పని ముగిసిన రోజే ప్రతి ట్రాకునూ ఎఫెక్టులతో ఒకసారి, ఎఫెక్టులు లేకుండా ఒకసారి 24 బిట్ వేవ్ ఫైళ్లుగా, అన్నీ పాట మొదటి క్షణం నుంచే మొదలయ్యేలా రాయించి పెడతాను. వేవ్ ఫైలుకు లైసెన్సు లేదు.

పాతసెషన్:
నేనూ రాయిస్తాను. కానీ ఆ ఫైలులో రివర్బ్ (మారుమోత) కలిసిపోయాక దాన్ని సగం తగ్గించమంటే ఏం చేస్తారు? ఎఫెక్టు లేని ఫైలు తీసుకుని మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి.

చిన్నకంపెనీ గారి ప్రశ్నకు జవాబు: పాత సెషన్ కోసం పాత కంప్యూటర్‌ను పాత సిస్టమ్‌తోనే దాచుకుంటాం. 32 బిట్ గొడవ దానికి తగలదు. తగిలేది తాళమే. డిస్కు పాడై అన్నీ మళ్లీ ఎక్కించాల్సి వచ్చిందనుకోండి. ఆ పాత సిస్టమ్‌లోని యాక్టివేషన్ ప్రోగ్రాముకు ఇప్పటి సర్వర్ల భద్రతా పద్ధతులు తెలియవు, దానిలోని సర్టిఫికెట్ల గడువు తీరిపోయి ఉంటుంది. సర్వర్ బతికే ఉన్నా ఇద్దరికీ మాట కలవదు. కంపెనీ మూతపడకుండానే లైసెన్సు చచ్చిపోయే చోటు ఇది.

వేదికమీద:
దీనికి దారి ఉంది, కచేరీలకు వాడే ఏబుల్టన్ లైవ్ సాఫ్ట్‌వేర్‌లో వాడాను. ఇంటర్నెట్ లేని కంప్యూటర్ ఒక హార్డ్‌వేర్ కోడ్ చూపిస్తుంది. ఆ కోడ్‌ను వేరే కంప్యూటర్‌లో, మన ఖాతా పేజీలో టైపు చేస్తే ఒక అనుమతి ఫైలు వస్తుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి లైవ్ మీద పడేస్తే తెరుచుకుంటుంది. పాత యంత్రం సర్వర్‌తో మాట్లాడాల్సిన పనే లేదు. వేదిక మీద నాకూ నిశ్చింత.

చిన్నకంపెనీ:
ఇది మేము చేయగలం. ఒక వెబ్ పేజీ, సంతకం చేసే చిన్న ప్రోగ్రాము, అంతే. పాత కీ ఫైలు పద్ధతికి యంత్రం గుర్తు కూడా కలిపినట్టు అవుతుంది. బయట పెట్టినా ఇంకొకరికి పనికి రాదు. కంపెనీ మూసేయాల్సి వస్తే ఏ యంత్రానికైనా చెల్లే ఫైలు ఒకటి ఇచ్చి పోవచ్చు, కొత్త వెర్షన్ తయారు చేయాల్సిన పని కూడా ఉండదు. తర్వాతి విడుదలలో పెడతాను. ఆ ఫైలు సంగతి లైసెన్సు ఒప్పందంలో రాయాలంటే మాత్రం మా భాగస్వామిని ఒప్పించాలి.

రెండుగదులు:
బాగుంది. కానీ మదర్‌బోర్డు మార్చిన రోజు ఆ ఫైలు కూడా చెల్లదు కదా? మళ్లీ కోటా, మళ్లీ మెయిలు. నా ఐలాక్‌ను నేను పీకను.

పాతసెషన్:
ఉంచుకోండి, కానీ ఆ కీకి సరిపడే పాత డ్రైవర్ (కంప్యూటర్ ఆ కీని గుర్తించేలా చేసే ప్రోగ్రాము) ఫైలు కూడా ఒక కాపీ దాచుకోండి.