విచారణా? దర్యాప్తా? యెండీ వాక్యం దగ్గర ఆగిపోయాను

అనువాదకురాలు:

నమస్కారం. ఘానా ఉత్తరాన ఉన్న దాగ్బాన్ రాజ్యం మీద ఒక వ్యాసాన్ని చిన్న పత్రిక కోసం తెలుగు చేస్తున్నాను. పదిహేను పుటలు సాఫీగా నడిచాయి. ఒక్క వాక్యం మాత్రం మూడు రోజులుగా కదలడం లేదు. ఏలిక పదవి కోసం వచ్చిన తగువులో పోలీసులు ఎలా నడుచుకున్నారో తేల్చాలని కోరారన్నది దాని సారం.

సందర్భం తెలియనివారికి నాలుగు మాటలు. దాగ్బాన్ ఏలికను యా-నా అంటారు. రాజధాని యెండీ. 19వ శతాబ్దంలో ఏలిన మొదటి యాకుబు కొడుకుల్లో అబుదు సంతతి ఒక వైపు, ఆండాని సంతతి మరో వైపు. పదవి ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి వంతులవారీగా మారుతూ రావాలి. వంతు ఎవరిదన్న దగ్గరే గత శతాబ్దం మధ్య నుంచి పేచీ. 1969లో అబుదు ఇంటి నుంచి ఒకరిని గద్దె ఎక్కించారు. 1974లో ఆయనను దించి, ఆండాని ఇంటి నుంచి రెండో యాకుబు ఆండానిని కూర్చోబెట్టారు. 2002 మార్చి 25 నుంచి 27 వరకు యెండీలో పోరు సాగింది. ఆ రాజును, ఆయన మనుషులు పలువురిని చంపారు. రాజు తల నరికారు. ఊళ్లో పోలీసులూ ఉన్నారు, సైనికులూ ఉన్నారు. మూడు రోజులు!

నేను రాసుకున్న మూడు పాఠాలు ఇవి. "నాయకత్వ వివాదంలో పోలీసుల ప్రవర్తనపై దర్యాప్తు జరపాలని డిమాండ్ చేశారు." "తెగ నాయకత్వ ఘర్షణలో పోలీసుల పాత్రపై విచారణ కోరారు." "గద్దె తగాదాలో పోలీసుల తీరుపై న్యాయ విచారణకు పట్టుబట్టారు." మూడూ తెలుగే, మూడూ తప్పే అనిపిస్తోంది. ఎక్కడ తప్పో చెప్పండి.

పత్రిక డెస్కులో పనిచేసిన పెద్దాయన:

ముందు "ప్రవర్తన" కొట్టేయండి. ఆ మాట వినగానే నాకు బడిలో ఇచ్చే ధ్రువపత్రం గుర్తుకొస్తుంది. పోలీసుల ప్రవర్తన అంటే స్టేషనుకు వెళ్లినవాడిని కుర్చీలో కూర్చోమన్నారా, కసురుకున్నారా అన్న సంగతిలా ఉంటుంది. యెండీలో అడుగుతున్నది మర్యాద గురించి కాదు కదా. "పాత్ర" అంటే చేయి ఉందని ముందే తేల్చినట్టు. ఆ నిందకు ఆధారం మీ వ్యాసంలో ఉంటే తప్ప వాడకండి.

"తీరు" ఉంచండి. చేసిన పనికీ, చేయకుండా నిలబడినదానికీ రెండింటికీ సరిపోయే మాట అది. మా డెస్కులో చివరి పేజీ దిగే వేళకు రెండు కాలమ్‌ల శీర్షిక కావలసి వస్తే "పోలీసుల తీరుపై" అన్న ముక్క ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. కొత్తగా చేరిన కుర్రవాళ్లు దానికి బదులు "ప్రేక్షక పాత్ర వహించిన పోలీసులు" అని రాసి తెచ్చేవారు. రిపోర్టర్ అలా రాస్తే అది ఆరోపణ, శీర్షికలో మేము అలా పెడితే తీర్పు. ఎర్ర ఇంకుతో గీత పెట్టి "తీరు" అని రాసి పంపేవాడిని.

కోర్టు కాగితాలు అనువదించే సభ్యుడు:

తీరు విషయంలో పెద్దాయనతో ఏకీభవిస్తాను. అసలు గొడవ విచారణ, దర్యాప్తుల మధ్యే ఉంది. మన నేర విచారణ చట్టంలో మొత్తం మూడు వేర్వేరు దశలు ఉన్నాయి. సాక్ష్యం పోగు చేయడానికి పోలీసు అధికారి చేసేది దర్యాప్తు. మేజిస్ట్రేటు గానీ కోర్టు గానీ చేసేది విచారణ, అయితే అది అసలు కేసు నడపడం కాదు. మూడోది అసలు కేసు నడపడం. తమాషా ఏమిటంటే ఈ మూడోదానికి కూడా తెలుగులో విచారణ అనే అంటాం! "విచారణ ఖైదీ" అంటే కేసు నడుస్తున్నవాడు. "కమిషన్ విచారణ" అంటే కేసే లేదు. మధ్యలో పోలీసులు ఒకడిని స్టేషనుకు పిలిచి ప్రశ్నలు వేస్తే అదీ "విచారించారు" అయిపోయింది. ఈ మాటకు వెన్నెముక లేదు, ఎటు వంచితే అటు వంగుతుంది.

కాబట్టి నా సలహా ఇది. ఎవరు చేస్తున్నారన్నది చూసి మాట ఎంచుకోండి. పోలీసు చేస్తే దర్యాప్తు, పోలీసు పైవాడు చేస్తే విచారణ. పోలీసుల మీదే ఆరోపణ వచ్చినప్పుడు "దర్యాప్తు జరపాలి" అని రాస్తే పోలీసుల తీరును పోలీసులే చూసుకోవాలని అడిగినట్టు. ఎన్‌కౌంటర్ మరణాల కేసుల్లో సీఐడీ గానీ, వేరే స్టేషను బృందం గానీ దర్యాప్తు చేయాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే దర్యాప్తు అన్న మాట పోలీసు చొక్కా విప్పదు, స్టేషను మాత్రమే మారుతుంది. మన ఊరేగింపుల్లో "సిట్టింగ్ జడ్జితో విచారణ జరిపించాలి" అని ఎందుకు అరుస్తారు? ఆ తేడా జనానికి తెలుసు కనుకే. వ్యాకరణ గ్రంథాలకే తెలియలేదు.

విశ్రాంత తెలుగు మాస్టారు:

వ్యాకరణ గ్రంథాలను ఎందుకు లాగారు నాయనా, అవి మీ జోలికి రాలేదే. సరే, వచ్చాను కాబట్టి చెబుతాను.

విచారం, విచారణ ఒకే ధాతువు నుంచి పుట్టినవి. మనసును ఒకచోట నిలపకుండా అన్ని వైపులా నడిపించి ఆలోచించడం మూలార్థం. తెలుగులోకి వచ్చాక విచారం దుఃఖమైంది. "చింత" సంగతి కూడా ఇంతే. ఆలోచన అన్న అర్థంతో వచ్చింది, బెంగ అయి కూర్చుంది. ఎక్కువగా ఆలోచించేవాడు సుఖంగా ఉండడని మన పూర్వులు తీర్మానించినట్టున్నారు. అందుకే మనకు ఒక సదుపాయం దక్కింది. ఏదైనా ఘోరం జరిగిన మర్నాడు పత్రికలో "మంత్రి విచారం వ్యక్తం చేశారు" అని ఉంటుంది. విచారణ సంగతి అడిగితే ఆ పక్క కాలమ్‌లో చూసుకోవాలి.

దర్యాప్తు పారసీ మాట. దర్యాఫ్త్ అంటే కనుక్కోవడం. ఫిర్యాదు కూడా అటు నుంచే వచ్చింది, మూలంలో అది "కాపాడండి" అన్న ఆక్రందన. ఈ వరసలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ముద్దాయి. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, మన దగ్గర నేరం మోపబడినవాడు. కోర్టు గుమ్మం ఎక్కేలోపు ఫిర్యాదుదారు కాస్తా నిందితుడైపోయాడు. పోలీసుల మీద ఫిర్యాదు చేయబోయిన సామాన్యుడి అనుభవమే ఈ అర్థవిపరిణామానికి కారణమని నేను క్లాసులో చెప్పేవాడిని. అది శాస్త్రం కాదు లెండి, పిల్లలు మాట మరచిపోకుండా ఉండడానికి.

అమ్మా, మీ వాక్యంలో "విచారణ" పెట్టండి. "న్యాయ విచారణ" మాత్రం వద్దు. అది కోర్టులో కేసు నడపడమా, జడ్జి గారితో కమిషన్ వేయడమా అన్నది చదివేవారికి తేలదు.

ఆదిలాబాద్ జిల్లా సభ్యుడు:

అందరూ వాక్యం చివర పట్టుకుని లాగుతున్నారు. నా అభ్యంతరం మొదట్లోనే ఉంది. "తెగ నాయకత్వ ఘర్షణ" అని ఎలా రాస్తారండీ? కొట్టుకున్నవారు రెండు తెగలవారా? ఇద్దరూ ఒకే మూలపురుషుడి సంతానం, ఒకే భాష, ఒకే రాజ్యం. ఆఫ్రికాలో కత్తి లేచిందంటే చాలు, మన పత్రికలకు తెగ గుర్తుకొస్తుంది. ఇదే పని యూరప్‌లో జరిగితే "వారసత్వ యుద్ధం" అని గౌరవంగా రాస్తాం. మా వైపు గోండు గూడేల్లో ఊరి పెద్దను పట్ల అంటారు, గోండుల పంచాయతీ అయిన రాయిసెంటర్‌ను నడిపే పెద్దను సార్మేడి అంటారు. ఈ మాటలన్నింటినీ "గిరిజన నాయకుడు" అని చదును చేసి రాసినప్పుడు చదివేవారికి ఏమీ తెలియదు, మాకు మాత్రం గుచ్చుకుంటుంది.

దీనికి తెలుగులో దబ్బున దొరికే మాట ఉంది: దాయాదులు. దాయంలో, అంటే వారసత్వపు ఆస్తిలో, వాటా ఉన్నవారు. అబుదు ఇల్లు, ఆండాని ఇల్లు అచ్చంగా దాయాదులు. ఆ మాటను తీసుకెళ్లి క్రికెట్ పేజీలో ఇండియా పాకిస్తాన్‌లకు కట్టబెట్టాం. అసలు చోట వాడే అవకాశం వస్తే వదులుకోవద్దు.

అనువాదకురాలు:

దాయాదులు! మూడు రోజులు నిఘంటువులు తిరగేసిన నాకు ఇది తట్టలేదు. మీకు ఇంకో సంగతి చెప్పాలి. ఆ రెండు ఇళ్లను అక్కడ ఇంగ్లిషులో "గేట్లు" అంటారు, అబుదు గేటు, ఆండాని గేటు అని. నేను "శాఖ" అని రాశాను. ఇప్పుడు "గడప" అని మార్చాలనిపిస్తోంది. నూరు గడపల ఊరు అంటాం, మా గడప తొక్కవద్దు అంటాం. ఇల్లూ వంశమూ రెండూ అందులో వస్తాయి.

గద్దె విషయం కూడా. దక్షిణ ఘానాలో అకాన్ ప్రజలకు అధికార చిహ్నం పీట. ఉత్తరాన మాత్రం చర్మం. ఏలిక జంతు చర్మాల మీద కూర్చుంటాడు, పదవి ఖాళీ అయితే "చర్మం ఖాళీగా ఉంది" అంటారు. యెండీ రాజుది సింహచర్మం.

మాస్టారు:

అలాంటప్పుడు "సింహాసనం" అక్షరాలా సరిపోయింది కదమ్మా! మన రాజులకు చెక్కిన సింహం బొమ్మలే దక్కాయి.

అనువాదకురాలు:

నవ్వుకున్నాను మాస్టారూ. కానీ సింహాసనం అని రాస్తే చదివేవారికి బంగారు కుర్చీ కనిపిస్తుంది. నేలమీద పరచిన తోళ్లు కనిపించవు. మొదటిసారి "సింహచర్మపు గద్దె" అని వివరించి, ఆ తరువాత గద్దె అంటాను.

కోర్టు అనువాదకుడి గారికి ఒక ప్రశ్న. 2002లో అక్కడి ప్రభుత్వం న్యాయమూర్తి వువాకు అధ్యక్షతన ముగ్గురు సభ్యుల కమిషన్ వేసింది. ఆ సంవత్సరం చివరికల్లా నివేదిక వచ్చింది. దానికి ముందే అక్కడి హోం మంత్రి రాజీనామా చేశారు. దీన్ని మన విచారణ కమిషన్‌తో సమానం చేయవచ్చా? అక్కడి రాజ్యాంగంలో 280వ అధికరణం ప్రకారం, కమిషన్ ఎవరికైనా వ్యతిరేకంగా నిర్ధారణ చేస్తే దాన్ని హైకోర్టు తీర్పుగానే పరిగణిస్తారు. ఆ వ్యక్తి అప్పీలుకు వెళ్లవచ్చు.

కోర్టు కాగితాలు అనువదించే సభ్యుడు:

ఇది ముందే చెప్పి ఉండవలసింది. నేను పైన చెప్పినదాంట్లో సగం వెనక్కు తీసుకుంటున్నాను.

మన 1952 చట్టం కింద వేసే కమిషన్ నివేదిక సిఫార్సు మాత్రమే. ప్రభుత్వం దాన్ని చర్యల వివరంతో సహా 6 నెలల్లో చట్టసభ ముందు పెట్టాలి, పాటించి తీరాలని లేదు. అక్కడ కమిషన్ నిర్ధారణకు తీర్పు బలం ఉంది. అంటే తెలుగులో ఏ తేడాను చెరిపేస్తోందని విచారణ అన్న మాటను తిట్టానో, ఘానా రాజ్యాంగం కూడా ఆ తేడాను కొంత చెరిపేసింది. వారి కమిషన్ విచారణ, కేసు విచారణ పక్కపక్క గదుల్లో ఉన్నాయి. కాబట్టి వెన్నెముక లేదన్న మాటే మీకు పనికొస్తుంది. "విచారణ" అనే రాయండి. మరీ అనుమానంగా ఉంటే ఒకచోట "కమిషన్ విచారణ" అనండి. తరువాత వచ్చే కేసు సంగతిని "కోర్టు విచారణ" అనండి.

ఇంతకీ ఆ కేసు ఏమైంది?

అనువాదకురాలు:

2003లో ఇద్దరి మీద నడిపారు, నిర్దోషులని వదిలేశారు. ప్రభుత్వం మారాక మళ్లీ పట్టుకుని 15 మంది మీద నడిపారు. 2011 మార్చిలో వారినీ విడిచిపెట్టారు. చంపినవారు ఎవరో ఏ కోర్టూ తేల్చలేదు. పంచాయితీ మాత్రం తెమిలింది. అశాంతే రాజు ఒసెయి టుటు నాయకత్వంలో ముగ్గురు పెద్ద రాజులు 2003 నుంచి 2018 దాకా కూర్చుని, ముందు ఇద్దరు పాత రాజుల అంత్యక్రియలు వరసగా జరిపించి, 2019 జనవరిలో కొత్త యా-నాను ఎక్కించారు. 1988లో చనిపోయిన అబుదు ఇంటి రాజుకు రాజభవనంలో అంత్యక్రియలు జరగలేదన్నదే తగువు మొదళ్లలో ఒకటి.

డెస్కు పెద్దాయన:

ఇప్పుడు వాక్యం చూపించండి, నాకు మళ్లీ ఎర్ర ఇంకు గుర్తుకొస్తోంది.

అనువాదకురాలు:

"దాగ్బాన్ దాయాదుల గద్దె తగువులో పోలీసుల తీరుపై విచారణ జరిపించాలని కోరారు."

డెస్కు పెద్దాయన:

"తీరుపై" కాదు, "తీరు మీద". వ్యాసానికి శీర్షిక భాష ఎందుకు? "కోరారు" కూడా చప్పగా ఉంది. రాజు తల తెగాక ఎవరూ "కోరరు". అడిగారు అనండి.

ఆదిలాబాద్ సభ్యుడు:

"జరిపించాలని" ఉంచుతున్నారా, "జరపాలని" చేస్తున్నారా? జరపాలని అంటే ప్రభుత్వం తానే చేయవచ్చు. జరిపించాలని అంటే వేరే ఎవరితోనో చేయించాలి.

అనువాదకురాలు:

"జరిపించాలని" అనే ఉంచుతున్నాను. "తీరు మీద" అని మార్చాను, "అడిగారు" కూడా. గడప గురించి ఇంకా ఎవరూ ఏమీ అనలేదు.