అప్‌డేట్: సయాన్ 5ఎంఎక్స్‌కు అంత ధర ఎందుకో అర్థమైంది

1999 నాటి సయాన్ 5ఎంఎక్స్ చేతి కంప్యూటర్‌ను ఇప్పటికీ అంత ఎక్కువ ధరకు ఎందుకు అమ్ముతున్నారని ఇంతకుముందు ఒక పోస్టులో అడిగాను. పాత వస్తువుల మోజే అనుకున్నాను. ఒకటి కొన్నాక ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మూత తెరవగానే కీబోర్డు ముందుకు జారుతుంది, పది వేళ్లతో హాయిగా టైపు చేయవచ్చు. రెండు ఏఏ బ్యాటరీలు చాలు.

అసలు కిటుకు తెరను కంప్యూటర్‌కు కలిపే కేబుల్‌లో ఉంది. తెరిచి మూసిన ప్రతిసారీ వంగి వంగి, ఏళ్లు గడిచాక తెగిపోతుంది. సయాన్ సంస్థేమో 2001లోనే చేతి కంప్యూటర్ల వ్యాపారం నుంచి తప్పుకుంది. పనిచేసేవి తగ్గేకొద్దీ అమ్మేవారు చెప్పిందే ధర! కేబుల్ మార్చారో లేదో ముందే కనుక్కోమన్న మిత్రుడికి ధన్యవాదాలు, మార్చినదే కొన్నాను. ఇందులో తెలుగు మాత్రం రాయలేను, డైరీ ఇంకా నోటుపుస్తకంలోనే.