నాన్నగారి గ్యారేజీలో దొరికిన నాలుగు చక్రాలు: డ్రాగ్ రేసింగ్ తెలిసిన పెద్దలు వివరించగలరా?

ప్రశ్న: కృష్ణాతీరం

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1972లో పై చదువుల కోసం డెట్రాయిట్ వచ్చి, ఆ తర్వాత ఉద్యోగజీవితమంతా మోటారు పరిశ్రమలోనే గడిపారు. పోయిన శీతాకాలంలో ఆయన కాలం చేశారు. ఇల్లు సర్దుతూ ఉండగా గ్యారేజీ అటక మీద పాత దుప్పట్లలో చుట్టి దాచిన నాలుగు కారు చక్రాలూ, ఒక బిస్కెట్ల డబ్బాలో రబ్బరు బ్యాండు వేసి ఉంచిన చీటీల కట్టా దొరికాయి. పెళ్ళయిన కొత్తలో ఆయన శనివారం సాయంత్రాలు మైలన్ అనే ఊరి దగ్గరి డ్రాగ్ స్ట్రిప్పుకు (కార్లు తిన్నగా పరుగుపందెం వేసే దారికి) వెళ్ళేవారనీ, 1971 నాటి షెవర్లే నోవా కారు నడిపేవారనీ, 1982లో నేను పుట్టాక మానేశారనీ అమ్మ చెప్పింది. మద్రాసు గిండీలో చదువుకునేటప్పుడు కూడా షోలవరం రన్‌వే మీద జరిగే మోటారు పందేలను చూడడానికి బస్సెక్కి వెళ్ళేవారట. ఇవన్నీ నాకు ఇప్పుడు తెలుస్తున్న సంగతులు. ఆయన ఉండగా ఒక్కసారైనా అడగలేదే అన్న బాధతో ఇక్కడ అడుగుతున్నాను.

చక్రాలలో రెండు బాగా వెడల్పైనవి. వాటి రిమ్ము మెరిసే క్రోమ్ పూతతో ఉంది, మధ్యలో ఐదు కమ్మీలున్నాయి, మూత మీద "క్రేగర్ ఎస్/ఎస్" అని ఉంది. వాటికి తొడిగిన టైర్లకు గాళ్ళు లేనే లేవు, నున్నగా ఉన్నాయి. రిమ్ము అంచు చుట్టూ చిన్న చిన్న మరలు బిగించి ఉండడం, రిమ్ము మీదుగా టైరు మీదికి ఒక తెల్లటి గీత గీసి ఉండడం నాకు అర్థం కాలేదు. మిగిలిన రెండూ నాలుగంగుళాల వెడల్పుకు మించవు. బూడిదరంగులో ఉన్నాయి, పేరు కనబడదు, అక్కడక్కడా తెల్లటి పొడి పట్టింది, ఒంటిచేత్తో ఎత్తితే ఆశ్చర్యపోయేంత తేలికగా ఉన్నాయి. నాలుగింటికీ పక్కపక్క బోల్టు రంధ్రాల కేంద్రాల మధ్య దూరం 71 మిల్లీమీటర్లు వచ్చింది.

చీటీలు 1978 నుంచి 1981 వరకు ఉన్నాయి. వాటిలో చాలావాటి మీద 13.60కీ 13.70కీ మధ్య అంకెలూ, వాటి పక్కన 101 లేదా దానికి దగ్గరి అంకెలూ ఉన్నాయి. వెనకవైపు నాన్నగారి దస్తూరీలో, తెలుగులో, "గాలి 12", "ఎండ ఎక్కువ", "రాత్రి 9" వంటి మాటలున్నాయి. 1979 ఆగస్టు నాటి ఒక చీటీ మీద 13.57 అని ఉంది. కట్ట మొత్తంలో అప్పటిదాకా ఆయన సాధించిన అతి తక్కువ సమయం అదే. అయినా దాని కింద "పోయింది" అని ఒకే ఒక్క మాట రాశారు. అంత మంచి సమయం వస్తే సంతోషించకుండా అలా ఎందుకు రాసి ఉంటారు? ఈ చక్రాలను మళ్ళీ ఏదైనా కారుకు బిగించి నడపవచ్చా?

జవాబు: టొలీడో పెద్దాయన

అమ్మా, మీ ప్రశ్న చదివి చాలాసేపు కదలకుండా కూర్చున్నాను. నేను 1974లో గుంటూరు నుంచి ఒహాయో వచ్చినవాణ్ణి. టొలీడోలో ఉంటూ, 340 ఇంజిన్ ఉన్న ప్లిమత్ డస్టర్ కారుతో ఎన్నో శనివారాలు ఆ మైలన్‌కే వెళ్ళాను. ఆన్ ఆర్బర్‌కు దక్షిణంగా ఉన్న ఆ ఊరి పేరును ఇటలీ నగరం పేరులాగే రాస్తారు గానీ అక్కడివారు మైలన్ అనే పలుకుతారు. మీ అమ్మగారు ఆ పేరును సరిగ్గా గుర్తుపెట్టుకున్నారు. అక్కడ నాకు తెలుగు మాట ఒక్కసారి కూడా వినబడలేదు. మీ నాన్నగారూ నేనూ ఏదో ఒక సాయంత్రం ఒకే వరుసలో ముందూ వెనుకా నిలబడి ఉండవచ్చుననీ, ఒకరినొకరు పలకరించుకోలేదనీ తలచుకుంటే మనసు కలుక్కుమంటోంది.

ముందుగా "పోయింది" అన్న మాట సంగతి చెబుతాను, ఎందుకంటే ఆ రోజుల్లో మావంటి మామూలు ఉద్యోగులు ఆడిన ఆట మొత్తం ఆ మాటలోనే ఉంది. డ్రాగ్ రేసు అంటే నిలబడిన చోటు నుంచి పావు మైలు, అంటే 1,320 అడుగులు, తిన్నగా సాగే పరుగు. డబ్బున్నవారి కార్లతో సామాన్యుడి కారు పోటీపడలేదు కనుక 1970లలో బ్రాకెట్ రేసింగ్ అనే పద్ధతి బాగా వ్యాపించింది. అందులో ప్రతి ఒక్కరూ తన కారు ఎన్ని సెకన్లలో ఆ దూరం దాటుతుందో పందేనికి ముందే ప్రకటించాలి. దానిని డయల్-ఇన్ అనేవారు. ఆ అంకెను తెల్లటి బూటు పాలిష్‌తో కారు అద్దం మీద పెద్దగా రాసుకునేవాళ్ళం. నేను 13.60 అని, పక్క గాడిలోని వ్యక్తి 12.10 అని రాసుకుంటే, నాకు ఒకటిన్నర సెకన్లు ముందుగా పచ్చదీపం వెలుగుతుంది. ఇద్దరమూ చెప్పిన మాటకు కట్టుబడితే ముగింపు గీత దగ్గర ఇద్దరమూ ఒకేసారి ఉండాలి. అయితే ప్రకటించినదాని కంటే వేగంగా వెళ్ళినవాడు ఓడిపోతాడు. దానిని బ్రేకౌట్ అంటారు. ఈ నియమం లేకపోతే ప్రతివాడూ తన కారు నెమ్మదైనదని బుకాయించి ముందుగా బయలుదేరేవాడు.

మీ నాన్నగారు ఆ రాత్రి 13.60 అని రాసి 13.57లో దాటి ఉంటారు. సెకనులో నూరింట మూడు వంతుల తేడాతో పందెం పోయింది. ఆ చీటీ వెనుక "రాత్రి 9" అని ఉందేమో చూడండి. ఆగస్టు మధ్యాహ్నం వేడికి గాలి పలచబడి ఇంజిను పీల్చే ప్రాణవాయువు తగ్గుతుంది. పొద్దుగూకి చల్లబడితే గాలి చిక్కబడి అదే ఇంజిను మరికొంత బలంగా లాగుతుంది. మధ్యాహ్నపు పరుగులను చూసి అంకె వేసుకుని, రాత్రికి దానిని సవరించుకోకపోతే ఇలాగే జరుగుతుంది. నేనూ ఆ తప్పు చేసి ఒక వేసవిలో రెండుసార్లు ఇంటిదారి పట్టాను.

చీటీల మీది 101 అనేది గంటకు మైళ్ళలో చివరి వేగం. సమయం ప్రధానంగా కారు ఆరంభ గీత దగ్గర ఎంత బాగా కదిలిందో చెబుతుంది, వేగం ఇంజిను బలాన్ని చెబుతుంది. మనిషితో కలిపి కారు బరువు 3,500 పౌండ్లు అనుకుంటే, ఆ వేగానికి దాదాపు 280 గుర్రాల శక్తి కావాలి. రోజూ ఉద్యోగానికి వెళ్ళే కారును ఆ స్థాయికి తెచ్చి, నాలుగేళ్ళపాటు సెకనులో పదో వంతు తేడా దాటకుండా నడిపారంటే, ఆయన చేతికీ చెవికీ ఎంత నిదానం ఉండేదో ఊహించుకోవచ్చు.

గాళ్ళు లేని టైర్లను స్లిక్కులు అంటారు. వాటిలో గాలి పది పన్నెండు పౌండ్లకు మించి నింపేవాళ్ళం కాదు, చీటీ మీది "గాలి 12" అదే. అంత తక్కువ గాలితో పక్కగోడలు ముడతలు పడి, టైరు నేలను విశాలంగా పట్టుకుంటుంది. కానీ అప్పుడే రిమ్ము లోపల తిరిగిపోయి, టైరు వెనకబడిపోయే ప్రమాదం ఉంది. లోపలి ట్యూబు మెడ తెగేది కూడా అందుకే. దానిని ఆపడానికి రిమ్ము అంచు నుంచి టైరు చుట్టంచులోకి మరలు బిగించేవాళ్ళం. ఆ తెల్లగీత కాపలాదారు వంటిది. పరుగు తర్వాత రిమ్ము మీది గీతా టైరు మీది గీతా విడిపోతే, టైరు జారిందని తెలుస్తుంది. ఇంత శ్రద్ధగా గీత గీసుకున్న మనిషి మరల బిగువు కూడా ప్రతి వారమూ చూసుకునే ఉంటాడు.

మాలో చాలామందికి ట్రైలరు కొనే స్తోమతు ఉండేది కాదు. వెనుక సీటు ఊడదీసి స్లిక్కులను లోపల పెట్టుకుని, మామూలు టైర్ల మీద నడుపుకుంటూ వెళ్ళి, అక్కడ జాకీ వేసి మార్చుకుని, పందెం ముగిశాక మళ్ళీ మార్చుకుని అర్ధరాత్రికి ఇల్లు చేరేవాళ్ళం. ఊడదీసిన నట్లు గడ్డిలో పోకుండా ఎవరో ఒకరు పట్టుకోవాలి. మీ అమ్మగారిని ఈ సంగతి అడగండి.

జవాబు: లోహం పని

పెద్దాయనగారు ఆట గురించి చెప్పారు కనుక నేను చక్రాలకే పరిమితమవుతాను. మీరు కొలిచిన 71 మిల్లీమీటర్లను 1.701తో గుణిస్తే 120.8 వస్తుంది. అంటే ఐదు బోల్టులూ 4¾ అంగుళాల వృత్తం మీద ఉన్నాయి. అది షెవర్లేలను తయారుచేసే జనరల్ మోటార్స్ వారి చాలా కార్ల కొలత. ఫోర్డ్, క్రైస్లర్ కార్లలో ఎక్కువవాటికి 4½ అంగుళాలు ఉండేది, అప్పుడు మీకు దాదాపు 67 వచ్చి ఉండేది. కాబట్టి ఇవి నోవావే అని నమ్మవచ్చు. క్రేగర్ ఎస్/ఎస్ 1964లో మార్కెట్లోకి వచ్చింది. మధ్యభాగం అల్యూమినియం పోత, బయటి రిమ్ము ఉక్కు, రెండింటి మీదా క్రోమ్. ఖరీదైన పందెం చక్రాలు కొనలేని కుర్రవాళ్ళకు అవి అందుబాటులో ఉండేవి, మెరుపూ ఉండేది, అందుకే ఆ కాలపు ప్రతి పార్కింగు స్థలంలోనూ కనిపించేవి.

మీ సన్నచక్రాల గురించి మాత్రం జాగ్రత్తగా చదవండి. ఆ తేలిక, బూడిదరంగు, తెల్లపొడి చూస్తే అవి మెగ్నీషియం అనిపిస్తోంది. ఘన సెంటీమీటరుకు ఉక్కు 7.85 గ్రాములు, అల్యూమినియం 2.7, మెగ్నీషియం 1.74 మాత్రమే. అమెరికాలో సోకు చక్రాలన్నింటినీ "మ్యాగ్స్" అనడం ఈ లోహం పేరు నుంచే వచ్చింది. నిర్ధారించుకోవాలంటే, పూత లేని చోట, లోపలివైపు, ఒక చుక్క వెనిగర్ వేయండి. మెగ్నీషియం అయితే వెంటనే బుడగలు వస్తాయి, అల్యూమినియం అయితే రావు. దానిని ఇంట్లో గ్రైండరుతో రుద్దవద్దని ప్రాధేయపడుతున్నాను, ఎందుకంటే ఆ పొడి అంటుకుంటే నీళ్ళు పోసిన కొద్దీ మంట పెరుగుతుంది. పొడి ఇసుకతో కప్పాలి. తేమ తగిలి పుప్పిపడిన పాత పోతచక్రంలో కంటికి కనబడని పగుళ్ళు ఉంటాయి కనుక, దానిని రోడ్డు మీద నడపడానికి నేను ఒప్పుకోను.

అంత సన్నచక్రాలు కారు ముందువైపు ఎందుకు అంటే, బరువు తగ్గించడానికి, నేల రాపిడి తగ్గించడానికి. తిరిగే బరువును కదిలించడానికి మామూలు బరువు కంటే ఎక్కువ శక్తి పడుతుంది. మరొక సూక్ష్మం కూడా ఉంది. గడియారం పచ్చదీపం వెలిగినప్పుడు కాక, ముందు టైరు ఆరంభ గీత దగ్గరి కాంతికిరణాన్ని వదిలినప్పుడు మొదలవుతుంది. ఎత్తైన టైరు ఆ కిరణాన్ని ఎక్కువసేపు అడ్డుకుంటుంది కనుక, గడియారం మొదలయ్యేలోగా కారు మరికొన్ని అంగుళాలు కదిలి, మరికాస్త ఊపందుకుంటుంది. ఆ విధంగా ముందు టైరు ఎత్తు మారితే చీటీ మీది సమయమూ మారుతుంది. మీ చీటీలలో ఏదో ఒక తేదీ నుంచి అంకెలు స్వల్పంగా తగ్గాయేమో చూడండి, ఈ చక్రాలు కొన్న రోజు తెలియవచ్చు.

జవాబు: గోదారిగట్టు

ఒక విషయంలో మాత్రం లోహం పని గారితో పాక్షికంగా విభేదిస్తాను. రోడ్డు మీద నడపకూడదన్నంత మాత్రాన మెగ్నీషియం చక్రాలను గోడకు తగిలించడానికే పరిమితం చేయనక్కరలేదు. రంగుద్రవం పూసి పగుళ్ళు వెతికే పరీక్ష చేయించి, అందులో నెగ్గితే, ప్రదర్శనకు నిలబెట్టే కారుకు బిగించవచ్చు, దానిని మెల్లగా తోసుకుంటూ వెళ్ళవచ్చు. క్రేగర్లను నడపదలిస్తే స్లిక్కులు తీసేసి కొత్త టైర్లు వేయాలి, ఆ రబ్బరు ఇప్పటికి రాయిలా గట్టిపడి ఉంటుంది. వాటి బోల్టు రంధ్రాలు గుండ్రంగా కాక కోలగా ఉంటే, వాటికని ప్రత్యేకంగా చేసిన వాషర్లు తప్పనిసరి, మామూలు నట్లతో బిగిస్తే చక్రం మధ్యకు కూర్చోదు. మరలనూ, ఆ తెల్లగీతనూ మాత్రం దయచేసి తుడిచివేయకండి. కొత్తగా క్రోమ్ వేయించిన చక్రం ఎక్కడైనా దొరుకుతుంది, మీ నాన్నగారు గీసిన గీత దొరకదు.

తిరిగి: కృష్ణాతీరం

పెద్దాయనగారికీ, మిగిలిన ఇద్దరికీ నా కృతజ్ఞతలు. వెనిగర్ చుక్కకు బుడగలు వచ్చాయి, కనుక సన్నచక్రాలు మెగ్నీషియమే. వాటిని నేను రుద్దను, నడపను. 1980 మే నుంచి సమయాలు కొద్దిగా తగ్గినట్లు కూడా కనిపిస్తోంది.

నట్ల సంగతి అమ్మను అడిగాను. చక్రపు మూతను బోర్లించి అందులో నట్లు వేసుకుని ఒడిలో పెట్టుకునేదాన్నని చెప్పింది. అద్దం మీద పాలిష్‌తో అంకె రాసేది కూడా తానేనట, నాన్నగారి అంకెలు వంకరగా వస్తాయని ఆ పని ఆయనకు ఇచ్చేది కాదట. ఆగస్టు చీటీ వెనుక మీరన్నట్లే "రాత్రి 9" అని ఉంది. దాని తర్వాతి చీటీ రెండు వారాల తర్వాతిది. పైన 13.55 అని అమ్మ రాతలో ఉంది, సమయం 13.56, వెనుక నాన్నగారి రాతలో "రాత్రి 9.40, చల్లగాలి" అని ఉంది.