మాజిమా గతం మర్చిపోవడం కథకి మేలు చేసిందా, చెడు చేసిందా?

చర్చ మొదలుపెట్టినవారు:
'లైక్ ఎ డ్రాగన్: పైరేట్ యకూజా ఇన్ హవాయీ' (సెగా వీడియో గేమ్, 2025 ఫిబ్రవరి) ఆడినవాళ్లని ఒక్క మాట అడగాలి. ఈ సిరీస్‌లో పాత పాత్ర, యకూజా (జపాన్ ముఠా మనిషి) మాజిమా గోరో రిచ్ ఐలాండ్ అనే ద్వీపం ఒడ్డుకి కొట్టుకొస్తాడు, గతం ఏదీ గుర్తుండదు. నోవా అనే పిల్లాడు కాపాడతాడు. ఆ తర్వాత ఓడ, సిబ్బంది, నిధి వేట. ఆట సరదాగా ఉంది, అందులో పేచీ లేదు. కానీ మాజిమా వెర్రి మనకి నచ్చింది దాని అడుగున ఉన్న బాధ తెలుసు కాబట్టే. ఇదే సిరీస్‌లో ముందొచ్చిన 'యకూజా 0'లో 1988 నాటి సోటెన్‌బోరి అనే పేట గుర్తు చేసుకోండి. పైకి దర్జా గల క్యాబరే మేనేజర్, లోపల ఆ పేట దాటలేని బందీ. ఆ గతం తీసేస్తే మిగిలేది కంటికి పట్టీ కట్టుకున్న జోకరే కదా?

జవాబు 1:
నేను ఒప్పుకోను. మీరు చెప్పిన సోటెన్‌బోరినే చూడండి. కాపలా కాసే సగావా నిఘా తప్పించుకుని మాజిమా ఎక్కడికీ పోలేడు. మరి నోవా? వాడూ పుట్టిన ద్వీపం దాటి ఎరగడు, బయటి లోకం చూడాలని ఆశ. ఒకప్పుడు బందీగా బతికిన మనిషి, ఆ సంగతి తనకే గుర్తు లేకపోయినా, ఆ పిల్లాడిని సముద్రం మీదికి తీసుకెళ్తాడు. మతి పోయింది కానీ గుణం పోలేదు! మ్యాడ్ డాగ్ అనే పోరాట స్టైల్‌లో ఆ వేగం చూడండి, ఒళ్లు ఏదీ మరవలేదు. నాకైతే ఇంతకంటే గొప్పగా ఆ పాత్రని చూపించడం కుదరదనిపిస్తుంది.

జవాబు 2:
ఈ సిరీస్‌లో నేను ఆడిన మొదటి ఆట ఇదే. మాజిమాకీ ఏమీ తెలియదు, నాకూ తెలియదు, కాబట్టి ఎక్కడా వెనకబడినట్టు అనిపించలేదు. ఇక చుక్కాని వదిలేసి రాకెట్ లాంచర్ భుజానికెత్తుకుని ఎదుటి ఓడని కొట్టడం, తర్వాత సిబ్బందితో సహా అవతలి డెక్ మీదికి దూకడం... ఆ ఊపులో గతం లేదన్న లోటు నాకు తెలియనే లేదు.

చర్చ మొదలుపెట్టినవారు:
కొత్తవాళ్లకి దారి సులువైందంటే సరే. కానీ నోవాకీ సోటెన్‌బోరికీ ముడి వేసింది మీరు, ఆట కాదు. 'యకూజా 0' ఆడనివాళ్లకి ఆ పోలిక తట్టనే తట్టదు. పాత అభిమాని తన జ్ఞాపకంతో పూడ్చుకుంటున్న ఖాళీని రచన గొప్పతనం అనలేం. బరువైన సీన్ ఒకటి మొదలవగానే ఇంకో వేళాకోళం వచ్చి పడుతుంది, మనసు అక్కడ నిలిచేలోపే.

జవాబు 1:
ఆ వేళాకోళం ఇవాళ కొత్తగా వచ్చింది కాదండీ. అదే 'యకూజా 0'లో ఒక తల్లి, తన కూతుర్ని కపట గురువు గుంపు నుంచి విడిపించమని మాజిమాని బతిమాలుతుంది. లోపలికి వెళ్లి వాళ్ల అర్థంలేని మంత్రాలూ సైగలూ నేర్చుకుని తానూ చేస్తాడు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతాం. ఆ సైడ్ స్టోరీలో అతని కన్ను ఎలా పోయిందో, ఎవరి కోసం నరకం అనుభవించాడో ఒక్క ముక్క ఉండదు. అయినా ఆ అమ్మాయి కోసం అతను పడే తపన మనకి అందుతుంది. తన గతం ఊసెత్తకుండానే అక్కడ మాజిమా నిండైన మనిషిగా నిలబడ్డాడు. అక్కడ చాలినది హవాయీలో ఎందుకు చాలదో చెప్పండి.